బంధువుల గ్రూపులో ఏది, ఎప్పుడు, ఎలా చెప్పాలి: ఇంటి కబుర్ల నుంచి ఆటలు, ప్రయాణాలు, అభిప్రాయాల దాకా

నాన్నకు గుండె ఆపరేషన్ ఖాయమైన రోజు నేనొక పొరపాటు చేశాను. ఆసుపత్రి వరండాలో నిలబడి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసే ఓపిక లేక, బంధువుల గ్రూపులో నాలుగు ముక్కలు రాసి పెట్టేశాను. అరవై మంది ఉన్న గ్రూపు అది. పది నిమిషాల్లోనే దూరపు చుట్టం ఒకాయన మా పెద్దత్తకు ఫోన్ చేసి ధైర్యం చెప్పడం మొదలుపెట్టాడట. పెద్దత్త అంటే నాన్నకు స్వయానా అక్క. ఆవిడ అప్పటికింకా ఫోన్ చూసుకోలేదు. తమ్ముడికి ఏమైందో తెలియకముందే ఓదార్పు వినాల్సి వచ్చింది. సాయంత్రం నాతో ఒకే మాట అంది: "అరవై మందిలో నేనూ ఒకదాన్నా నాన్నా?"

నాన్న కోలుకున్నారు గానీ ఆ మాట మాత్రం నన్ను చాలాకాలం వదల్లేదు. ఆ తరవాత ఆ గ్రూపు అడ్మిన్‌గా కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. వాటన్నిటికీ మూలం ఒకటే: ప్రతి కబురుకూ ఒక సొంతదారు ఉంటారు, అది చేరడానికి ఒక వరస ఉంటుంది. కింద రాసిందంతా ఆ రెంటినీ నిలబెట్టుకునే పద్ధతే. మా వాళ్లంతా వాట్సాప్‌లో ఉన్నారు కాబట్టి దాని గురించే ఎక్కువ చెప్తాను. టెలిగ్రామ్, సిగ్నల్ వాడేవాళ్లకూ పద్ధతి ఇదే.

1. ముందు మనుషుల లెక్క తేల్చుకోండి

గ్రూపు తెరవడానికి ముందు ఒక కాగితం తీసుకుని పేర్లు రాయండి. రాస్తుంటేనే అర్థమవుతుంది, వీళ్లందరికీ ఒకే గ్రూపు కుదరదని. మాకు మూడున్నాయి. మొదటిది ఇంటి గ్రూపు: అమ్మానాన్న, తోబుట్టువులు, వాళ్ల భార్యలూ భర్తలూ కలిపి తొమ్మిది మంది. రెండోది అటువైపు ఇటువైపు చుట్టాలందరూ ఉన్న పెద్ద గ్రూపు. మూడోది ఆటల గ్రూపు, ఇష్టమున్నవాళ్లు చేరేది. ఇంతకు మించితే ఏది ఎక్కడ రాశామో మనకే గుర్తుండదు.

వాట్సాప్ గ్రూపులో 1024 మంది పడతారు, సిగ్నల్‌లో 1000 మంది, టెలిగ్రామ్‌లో రెండు లక్షల మంది. నా అనుభవంలో మాత్రం ముప్పై దాటేసరికి తక్కువ మాట్లాడేవాళ్లు పూర్తిగా ఊరుకుంటారు. అందుకే మనసు విప్పి చెప్పుకునేవి చిన్న గ్రూపులోనే ఉండాలి.

ఎవరినైనా చేర్చేముందు అడగండి. వాట్సాప్ గ్రూపులో చేరినవాళ్ల ఫోన్ నంబరు మిగతా అందరికీ కనిపిస్తుంది. కొత్తగా పెళ్లయి వచ్చిన కోడలికి, తనకు ముఖపరిచయం కూడా లేని యాభై మంది దగ్గర తన నంబరు ఉండటం ఇష్టం లేకపోవచ్చు. "మన వాళ్ల గ్రూపు ఉందమ్మా, చేర్చమంటావా? వద్దన్నా ఏమీ అనుకోను" అని విడిగా ఒక మెసేజ్ పెడితే చాలు. చేరడానికి లింకు పంపితే, ఆ లింకు ఎవరి చేతికి చిక్కినా లోపలికి రాగలరు. కాబట్టి కొత్తవాళ్లను అడ్మిన్ ఒప్పుకుంటేనే చేర్చే సెట్టింగు ఆన్ చేసి, అందరూ వచ్చాక లింకు రీసెట్ చేసేయండి.

అడ్మిన్లు ఇద్దరుండాలి. ఒకరు ఫోన్ బాగా తెలిసినవాళ్లు, ఒకరు మాట చెల్లే పెద్దవాళ్లు. మా పెద్ద గ్రూపు డిస్క్రిప్షన్‌లో ఉన్నది ఇంతే:

"ఇది మన ఇంటి కబుర్ల కోసం. ఎవరి కబురు వాళ్లే చెప్పాలి, లేదా వాళ్లనడిగి చెప్పాలి. పిల్లల ఫొటోలు బయటికి పంపకండి. ఫార్వర్డ్‌లు వద్దు, మీ మాటల్లో రాయండి. అర్ధరాత్రి అత్యవసరమైతే మెసేజ్ కాదు, ఫోన్ చేయండి."

2. పది నిమిషాల్లో అయ్యే సెట్టింగులు

ఇంట్లో కుర్రాళ్లెవరైనా పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఇవి చేసిపెట్టాలి. ఒకటి, ఫొటోలు వీడియోలు వాటంతటవే డౌన్‌లోడ్ కాకుండా ఆపడం. ఫోన్ నిండిపోయిందనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. రెండు, మన ఖాతాను వేరేవాళ్లు తెరవకుండా టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టడం. ఇది 6 అంకెలుంటుంది, ఏదైనా డైరీలో కూడా రాసి ఉంచండి. మూడు, బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్, అంటే బయటివాళ్లెవరూ చదవలేకుండా తాళం లాంటిది, ఆన్ చేయడం. వాట్సాప్ మెసేజ్‌లకు 2016 నుంచి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది గానీ, బ్యాకప్‌కు 2021లో వచ్చిన ఈ సౌకర్యాన్ని మనమే ఆన్ చేసుకోవాలి.

గ్రూపు గోల భరించలేనివాళ్లకు మ్యూట్ ఎలా చేయాలో చూపించండి. ఎనిమిది గంటలు, వారం, ఎప్పటికీ అని మూడు రకాలుంటుంది. మ్యూట్ చేశారని ఎవరికీ తెలియదు, ఎవరూ నొచ్చుకోరు.

3. ఇంటి కబుర్లు

అసలు కష్టమంతా ఇక్కడే, అందుకే ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను.

ఏదైనా పెద్ద సంగతి జరిగినప్పుడు మనసులో మూడు గుండ్రాలు గీసుకోండి. మొదటి గుండ్రంలో, ఈ కబురు మూడో మనిషి నోట వింటే బాధపడేవాళ్లు. వీళ్లకు ఫోనే చేయాలి. రెండో గుండ్రం ఇంటి గ్రూపు. మూడోది పెద్ద గ్రూపు. మొదటి గుండ్రంలో ఉన్న చివరి మనిషి ఫోన్ ఎత్తి, విని, "సరే" అనేదాకా గ్రూపులో ఒక్క అక్షరం రాయకూడదు. అంతమందికి మీరొక్కరే చేయలేకపోతే, ముగ్గురు పంచుకోండి. "పెద్దత్తకు నువ్వు, మావయ్యకు నేను, బాబాయికి అన్నయ్య, అయ్యాక నాకు చెప్పండి" అనుకుంటే పావుగంటలో పూర్తవుతుంది. నేను ఆ రోజు చేయాల్సింది అదే.

ఇక సొంతదారు సంగతి. కడుపుతో ఉన్నానని చెప్పాల్సింది ఆ అమ్మాయే. జబ్బు పేరు చెప్పాలా వద్దా అన్నది జబ్బుపడ్డ మనిషి ఇష్టం. ప్రేమతోనే అయినా ఇంకొకరు ముందే చెప్పేస్తే, ఆ మనిషి చేతిలోంచి ఏదో లాక్కున్నట్టే. మా పిన్ని కూతురి ఉద్యోగం పోయినప్పుడు, ఎవరైనా సాయం చేస్తారేమోనని పిన్ని పెద్ద గ్రూపులో రాసింది. మంచి ఉద్దేశమే. కానీ ఆ పిల్ల అప్పటికి అత్తగారింట్లో ఎవరికీ చెప్పలేదు. అత్తగారు అదే గ్రూపులో ఉన్నారు. సంపాదన, చదువు, ఆరోగ్యం, పెళ్లి, విడాకులు: ఈ ఐదింటిలో ఏదైనా సరే, "ఇది నేను గ్రూపులో చెప్పనా?" అని ముందు అడగండి. వద్దంటే ఇక అంతే, ఎందుకని కూడా అడగొద్దు.

రాసేటప్పుడు ఏం రాయాలి? నాన్నకు ఆపరేషన్ ఖాయమైన నాడు నేను రాసింది "డాడ్ సీరియస్, ప్లీజ్ ప్రే" లాంటి ముక్కలు. దాంతో అరవై మందికి టెన్షన్, నాకు ఆగకుండా ఫోన్లు. ఇప్పుడైతే ఇలా రాస్తాను:

"నాన్నకు రేపు ఉదయం గుండెకు బైపాస్ ఆపరేషన్. ఈ రోజు మామూలుగానే మాట్లాడుతున్నారు. రేపు సాయంత్రం 6 గంటలకు నేనే ఇక్కడ రాస్తాను, అప్పటిదాకా ఏమీ రాయకపోతే కంగారు పడకండి. అమ్మకు ఫోన్ చేయకండి, కాస్త నిద్రపోనివ్వండి. చూడటానికి ఎప్పుడు రావచ్చో ఎల్లుండి చెప్తాను."

ఇందులో ఏం జరగబోతోందో ఉంది, మనిషి ఇప్పుడెలా ఉన్నారో ఉంది, మళ్లీ కబురెప్పుడో ఉంది, చుట్టాలు ఏం చేయకూడదో కూడా ఉంది. అన్నిటికన్నా పనిచేసేది ఆ "6 గంటలకు" అన్న మాట. ఎప్పుడు తెలుస్తుందో చెప్తే జనం ఎదురుచూడగలరు. అయితే ఆరింటికి కచ్చితంగా రాయాలి. చెప్పడానికి ఏమీ లేకపోతే "ఇంకా లోపలే ఉన్నారు, 8కి మళ్లీ రాస్తాను" అనైనా రాయాలి. ఆ మెసేజ్‌ను పైన పిన్ చేస్తే ఆలస్యంగా చూసినవాళ్లు కూడా అడగకుండానే తెలుసుకుంటారు. పిన్ 24 గంటలు, 7 రోజులు, 30 రోజులు ఉండేలా పెట్టుకోవచ్చు.

మెడికల్ రిపోర్టు ఫొటో గ్రూపులో పెట్టకండి. దాని మీద పేరు, వయసు, ఆసుపత్రి నంబరు, కొన్నిసార్లు ఫోన్ నంబరు కూడా ఉంటాయి. చుట్టాల్లో డాక్టరు ఉంటే వాళ్లకు విడిగా పంపి, అభిప్రాయం ఫోన్‌లో వినండి.

చావు కబురు రాయాల్సి వస్తే మొదటి వాక్యంలోనే ఎవరో తెలియాలి. "బ్యాడ్ న్యూస్" అని ఒక మెసేజ్, ఐదు నిమిషాల తరవాత రెండో మెసేజ్ వద్దు. ఆ ఐదు నిమిషాలు చదివేవాళ్లకు నరకం. ఒకే పేరున్న బాబాయిలు ఇద్దరుంటారు కాబట్టి పేరుతో పాటు వరసా, ఎవరి తండ్రో కూడా రాయండి. దూరదేశాల్లో ఉన్నవాళ్ల కోసం ఏ సమయమైనా "ఇక్కడి టైమ్ ప్రకారం" అని చేర్చండి. పార్థివదేహం ఫొటో పెట్టకండి. రాలేనివాళ్లు చూడాలని అడిగితే, అడిగినవాళ్లకే పంపండి.

సంతోషం కబుర్లకు ఇంత జాగ్రత్త అక్కర్లేదు, కొంచెం చూపు ఉంటే చాలు. మీ అబ్బాయికి మంచి ర్యాంకు వచ్చిందని రాస్తున్న రోజే, పరీక్ష తప్పిన ఇంకో పిల్లవాడు అదే గ్రూపులో చదువుతూ ఉంటాడు. రాయండి, తప్పకుండా రాయండి. మార్కుల కాగితం ఫొటో వద్దు, పోలిక అసలే వద్దు.

చిన్న కబుర్లను మాత్రం చిన్నచూపు చూడకండి. పెళ్లిళ్లు, చావులు మాత్రమే చెప్పుకునే గ్రూపు నోటీసు బోర్డులా అయిపోతుంది. పాప చెప్పుల జత తనే వేసుకుంది, ఎడమది కుడికి, కుడిది ఎడమకి. మావయ్య కొత్త కళ్లజోడు పెట్టుకుని పేపరు చదువుతూ "ఇన్నాళ్లూ ఈ అక్షరాలు ఎక్కడున్నాయి" అన్నాడు. నాకు ఇలాంటివే ఇష్టం. ఎవరైనా ఇలాంటిది రాస్తే బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకోకుండా ఒక ప్రశ్న అడగండి. "మరి నడిచిందా అలాగే?" అని అడిగితే, ఆ తల్లి రేపు ఇంకోటి చెప్తుంది.

4. ఫొటోలు

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నాణ్యత తగ్గుతుంది. హెచ్‌డీ అన్న గుర్తు నొక్కి పంపితే కొంత మెరుగు. ప్రింటు తీయించుకోవాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి, 2 జీబీ దాకా ఫైలు వెళ్తుంది. కానీ డాక్యుమెంట్‌గా పంపినప్పుడు ఫొటో తీసిన తేదీ, లొకేషన్ ఆన్‌లో ఉండి ఉంటే తీసిన చోటు కూడా ఫైలుతో పాటే వెళ్తాయి. ఇంటి దగ్గర తీసిన పిల్లల ఫొటోల విషయంలో ఇది గుర్తుంచుకోండి.

పెద్ద వేడుక తరవాత మూడు వందల ఫొటోలు గ్రూపులో పోయకండి. షేర్డ్ ఆల్బమ్ ఒకటి పెట్టి లింకు ఇవ్వండి. గూగుల్ ఫొటోస్‌లో షేర్ చేసిన ఆల్బమ్‌లో 20,000 దాకా పడతాయి, ఐక్లౌడ్ షేర్డ్ ఆల్బమ్‌లో 5000. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో జీమెయిల్, డ్రైవ్ కూడా వాటా తీసుకుంటాయి కాబట్టి భారమంతా ఒకరి ఖాతా మీదే వేయకండి. లింకు తెలిసిన ఎవరైనా చూడగలరు కాబట్టి నెలా రెండు నెలల తరవాత లింకు షేరింగ్ ఆపేయండి.

పాత ఫొటోలు దొరికితే స్కాన్ చేసి పెట్టడంతో పని అయిపోలేదు. ఎడమ నుంచి కుడికి పేర్లు, తెలిస్తే ఏ సంవత్సరమో రాయండి. తెలియకపోతే ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లకు ఫోన్ చేసి, వాళ్లు చెప్తుంటే రాసుకోండి. ఇది వాయిదా వేయకూడని పని. పేర్లు తెలిసిన చివరి మనిషి వెళ్లిపోయాక ఆ ఫొటోలో ఉన్నది ఎవరో ఒకరు, అంతే.

వేరేవాళ్ల పిల్లల ఫొటో వాళ్ల తల్లిదండ్రులను అడగకుండా మీ స్టేటస్‌లో పెట్టకండి. స్టేటస్ 24 గంటలే ఉంటుంది, స్క్రీన్‌షాట్ ఎప్పటికీ ఉంటుంది.

5. ఆటలు

మ్యాచ్ జరుగుతున్నప్పుడు అందరూ ఒకే క్షణాన్ని చూడరు. ఫోన్‌లో స్ట్రీమింగ్ చూసేవాళ్లకు టీవీ కన్నా కొన్ని సెకన్లు, ఒక్కోసారి అర నిమిషానికి పైగా ఆలస్యంగా వస్తుంది. టీవీ చూసే బావ "అవుట్!" అని రాసేటప్పటికి, ఫోన్‌లో చూసే మరదలికి బౌలరింకా పరుగు మొదలుపెట్టి ఉండడు. ఆఫీసు నుంచి వచ్చి రాత్రికి రికార్డింగ్ చూద్దామనుకున్నవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. అందుకే మా దగ్గర నియమం: మ్యాచ్ మాటలన్నీ ఆటల గ్రూపులోనే, ఫలితం పెద్ద గ్రూపులో మర్నాటి దాకా రాయకూడదు. రికార్డింగ్ చూసేవాళ్లు తామే గ్రూపు మ్యూట్ చేసి, నోటిఫికేషన్లో మెసేజ్ కనిపించకుండా పెట్టుకోవాలి.

మీ ఇంటి పిల్లలు ఆడిన ఆట గురించి రాసేటప్పుడు స్కోరుతో ఆపేయకండి. "మనవాడు ఓడిపోయాడు, 21-17, 21-19" అంటే తాతయ్యకు ఏం తెలుస్తుంది? "రెండో గేములో 12-19 నుంచి 19-19 దాకా లాక్కొచ్చాడు. ఆఖరి రెండు పాయింట్లు నెట్‌కు కొట్టాడు. బయటికొచ్చి ఐదు నిమిషాలు ఎవరితోనూ మాట్లాడలేదు, తరవాత నీళ్లు తాగి, మళ్లీ ఎప్పుడు ఆడాలని అడిగాడు" అని రాస్తే ఆయన అక్కడ ఉన్నట్టే. వీడియో అయితే ఫోన్ అడ్డంగా పట్టుకుని తీసి, ముప్పై సెకన్లకు కత్తిరించి పంపండి. ఎదుటి జట్టు పిల్లల ముఖాలు స్పష్టంగా ఉంటే చుట్టాల గ్రూపు దాటనివ్వకండి.

పరుగు, సైక్లింగ్ యాప్‌లలోంచి మ్యాపు పంచుకునేవాళ్లు మొదలూ చివరా దాచే సెట్టింగు వాడండి, లేకపోతే అది మీ ఇంటి గుమ్మం చూపిస్తుంది. ఇలాంటి యాప్ నడిపే స్ట్రావా సంస్థ 2017 చివర్లో తన వినియోగదారుల దారులన్నీ కలిపి మ్యాపుగా విడుదల చేస్తే, 2018 జనవరిలో అందులో సైనిక స్థావరాల ఆనవాళ్లు బయటపడ్డాయి. సైనికులు వ్యాయామం కోసం పరిగెత్తిన దారులే వాటిని పట్టిచ్చాయి.

జట్లను ఎంతైనా ఆటపట్టించండి, మనిషిని వద్దు. డబ్బు పందేల లింకులు మా గ్రూపులో కనిపిస్తే అడ్మిన్ తీసేస్తారు, దానిమీద చర్చ లేదు.

6. కొండలు, అడవులు, దూర ప్రయాణాలు

బయల్దేరే ముందు చెప్పాల్సింది గ్రూపుకు కాదు, ఇద్దరు మనుషులకు. ఏ దారిన వెళ్తున్నాం, ఎవరెవరం, బండి నంబరు, రాత్రి ఎక్కడ ఉంటాం, ఎన్నింటికి తిరిగొస్తాం అన్నవి రాసి ఇంట్లో ఉండే ఇద్దరికి పంపండి. దానికింద అసలైన వాక్యం ఒకటి ఉండాలి: "సాయంత్రం 5కి కిందికి దిగుతాం. 8 దాటినా నా నుంచి కబురు లేకపోతే ఈ నంబరుకు ఫోన్ చేయండి." ఆ నంబరు అటవీ శాఖదో, మీరు దిగిన బసదో, అక్కడి అత్యవసర సేవలదో ముందే కనుక్కుని రాయండి. గడువు చెప్పకపోతే ఇంట్లోవాళ్లు ఆరింటి నుంచే కంగారుపడతారు, లేదా మర్నాటి దాకా ఊరుకుంటారు. రెండూ ప్రమాదమే.

లైవ్ లొకేషన్ మంచిదే, 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని పెట్టుకోవచ్చు. దాన్నే నమ్ముకోకండి. సిగ్నల్ పోతే మీరు చివరిసారి ఎక్కడున్నారో అంతవరకే తెలుస్తుంది, బ్యాటరీ కూడా త్వరగా అయిపోతుంది. సిగ్నల్ పోబోయే చోటే ఆగి "ఇక్కడి నుంచి సిగ్నల్ ఉండదు, అందరం బాగున్నాం" అని ఒక మెసేజ్ పెట్టి, ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచండి. జీపీఎస్ ఉపగ్రహాల నుంచే పనిచేస్తుంది కాబట్టి, ముందే డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాపు సిగ్నల్ లేకున్నా దారి చూపిస్తుంది. ఇంటర్నెట్ అందని చోట ఒక్కోసారి మామూలు ఎస్ఎమ్ఎస్ వెళ్తుంది, అదీ ప్రయత్నించండి.

ప్రయాణంలో ఉండగా ఫొటోలు చిన్న గ్రూపుకే పంపండి. అందరికీ కనిపించేలా పెడితే, ఇల్లు తాళం వేసి ఉందని అందరికీ చెప్పినట్టే. బోర్డింగ్ పాస్ ఫొటో ఎక్కడా పెట్టకండి. దాని బార్‌కోడ్‌లో పేరు, బుకింగ్ నంబరు ఉంటాయి, వాటితో మీ టికెట్‌ను వేరేవాళ్లు మార్చేయొచ్చు.

తిరిగొచ్చాక పది ఫొటోలు ఏరండి. వాటితో పాటు, వెళ్లాలనుకునే చుట్టాలకు పనికొచ్చే మాట రాయండి: కారు ఎక్కడిదాకా వెళ్తుంది, అక్కడి నుంచి నడక ఎంత, మెట్లు ఎన్ని, చేత్తో పట్టుకోవడానికి ఆసరా ఉందా, మరుగుదొడ్లు ఉన్నాయా. మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మ వెళ్లాలా వద్దా అని తేల్చుకునేది మీ ఫొటో చూసి కాదు, ఈ నాలుగు వాక్యాలు చదివి.

7. అభిప్రాయాలు

మేము ఒకప్పుడు రాజకీయాలు పూర్తిగా నిషేధించాం. నెల కూడా నిలవలేదు. మనుషులకు నమ్మకాలుంటాయి, సొంతవాళ్లతో చెప్పుకోవాలనిపిస్తుంది. తరవాత నియమం మార్చాం: మీ మాటల్లో రాయండి, ఇంకొకరి మెసేజ్ తెచ్చి పెట్టకండి, ఒక విషయం మీద రోజుకు రెండు మెసేజ్‌లు మించకండి. రెండే అనేసరికి జనం ఆలోచించి రాస్తున్నారు.

నేను గమనించినంతలో చుట్టరికాలను నిజంగా చెడగొట్టేది రాజకీయం కాదు. ఒకరి జీవితం మీద ఇంకొకరు అడగకుండా ఇచ్చే అభిప్రాయం. లావయ్యావు, పెళ్లెప్పుడు, పిల్లలెప్పుడు, ఆ ఉద్యోగం ఎందుకు మానేశావు. ఎదురుగా అంటే కాస్త నవ్వు కలిసి పోతుంది. తెర మీద అక్షరాలుగా, నలభై మంది ముందు, అది కొట్టినట్టుంటుంది. అడిగితే తప్ప ఎవరి జీవితం మీదా గ్రూపులో తీర్పు వద్దు. ఈ ఒక్క నియమం విషయంలో నేను మొహమాటపడను.

కోపంలో రాసింది వెంటనే పంపకండి. నోట్స్‌లో రాసుకుని ఓ గంట ఆగండి. పంపేశాక 15 నిమిషాల లోపు వాట్సాప్‌లో దిద్దుకోవచ్చు, రెండు రోజులకు పైగా సమయం దాకా అందరి దగ్గరా తీసేయొచ్చు. కానీ తీసేసిన గుర్తు మిగులుతుంది, చదివినవాళ్లు చదివేసి ఉంటారు. మాట పెరుగుతోందనిపిస్తే మూడో జవాబు రాయకుండా ఫోన్ చేయండి.

ఇక ఫార్వర్డ్‌లు. మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు ఉంటే, అది ఐదు చేతులో అంతకన్నా ఎక్కువో మారి మీ దగ్గరికి వచ్చిందని అర్థం. అలాంటిదాన్ని 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తున్నారు. ఫొటో అయితే గూగుల్ లెన్స్‌లో వెతికితే అది ఇంతకుముందు ఎక్కడ, ఎప్పుడు వచ్చిందో చాలాసార్లు దొరుకుతుంది. ఆరోగ్యం గురించినవైతే నిజమో కాదో తేలేదాకా ఎవరికీ పంపొద్దు. మందులు మానేయమనే మెసేజ్ నమ్మి ఎవరైనా నిజంగా మానేస్తే, ఆ తరవాత దిద్దుకోవడానికి ఉండదు.

పెద్దవాళ్లు తప్పు సమాచారం పెడితే గ్రూపులోనే దిద్దడం తేలిక, కానీ అలా చేస్తే ఆ మనిషి ఇక నోరెత్తరు. మొన్న బాబాయి ఒక వరద ఫొటో పెట్టారు, నిన్నటిదని. నేను విడిగా రాశాను: "బాబాయ్, ఆ ఫొటో చాలా ఏళ్ల కిందటిదట, ఇదిగో లింకు. మీరే తీసేస్తే బాగుంటుంది." రెండు నిమిషాల తరవాత ఫొటో పోయింది. దాని చోట "పాత ఫొటో అట, పొరపాటున పెట్టాను" అని ఆయనే రాశారు. అడ్మిన్‌గా నేనే తీసేయగలను, ఆ అధికారం ఉంది. కానీ ఆయన చేత్తో తీయడం వేరు.

8. మోసాలు, మారిన నంబర్లు

"నా ఫోన్ పోయింది, ఇది కొత్త నంబర్, అర్జెంటుగా డబ్బు కావాలి" అని తమ్ముడి ఫొటోతో మెసేజ్ వస్తే, పాత నంబరుకు ఫోన్ చేయండి. గొంతు విన్నా సరిపోదు, ఇప్పుడు గొంతును కూడా కంప్యూటర్‌తో అనుకరించగలరు. ఇంటివాళ్లకే తెలిసిన మాట ఒకటి ముందే అనుకుని పెట్టుకోండి, ఎక్కడా రాయకండి. ఎస్ఎమ్ఎస్‌లో వచ్చిన 6 అంకెల కోడ్ ఎవరడిగినా, చివరికి నేనడిగినా, చెప్పకండి. అది చెప్తే మీ వాట్సాప్ ఖాతా వాళ్ల చేతికి పోతుంది.

ఎవరైనా నంబరు మారిస్తే, వాట్సాప్ సెట్టింగుల్లో ఉన్న చేంజ్ నంబర్ ద్వారానే మార్చమనండి. వాడకం ఆగిన నంబర్లను టెలికాం కంపెనీలు కొంతకాలానికి వేరేవాళ్లకు ఇస్తాయి. అందుకే పాత నంబరును గ్రూపులో వదిలేయకూడదు.

9. టైపు చేయనివాళ్లు, దాచుకోవాల్సినవి

టైపింగ్ రానివాళ్లకు మైకు గుర్తు నొక్కి మాట్లాడటం నేర్పండి. తెలుగు చదవడం రాని పిల్లలకూ, సన్న అక్షరాలు కనిపించని పెద్దలకూ మధ్య కలిపే తాడు వాయిస్ మెసేజే. నిమిషం లోపు ఉండేలా చూసుకోండి, వినికిడి తగ్గినవాళ్ల కోసం కింద ఒక వాక్యం టైపు చేయండి. ఫోనే వాడనివాళ్లుంటే, వారానికోసారి గ్రూపులో కబుర్లు చదివి వినిపించే పని ఇంట్లో ఒకరికి అప్పగించండి. పేరు పెట్టి ఒకరికి, లేకపోతే ఎవరూ చేయరు.

పెద్దవాళ్ల వాయిస్ మెసేజ్‌లు గ్రూపులో ఉన్నాయి కదా అని ధీమాగా ఉండకండి. ఫోన్ మారినప్పుడు, బ్యాకప్ సరిగా ఎక్కనప్పుడు పోతాయి. ముఖ్యమైన వాటికి నక్షత్రం గుర్తు పెట్టి, నెలకోసారి ఒక్కోటీ షేర్ నొక్కి ఫైలుగా బయటికి తీసి, పేరూ తేదీ వేసి రెండు చోట్ల దాచండి. అనుకున్న గడువులో మెసేజ్‌లు మాయమయ్యే సెట్టింగు ఆన్‌లో ఉంటే ముందు అది ఆపండి.

పెద్దత్త పోయి రెండేళ్లయింది. నా దగ్గర ఆవిడవి పదకొండు ఫైళ్లున్నాయి. మొదటిది 14 సెకన్లు, మైకు నొక్కడం నేను నేర్పిన రోజుది. కాసేపు కుర్చీ లాగిన చప్పుడు, తరవాత కొంచెం గట్టిగా, ఫోన్‌కు మరీ దగ్గరగా: "నాన్నా, ఇది నీకు పోతోందా? పోతుంటే పోతోందని చెప్పు."